పెళ్ళి తేదీ గడిలో నల్

ముందే ఒప్పుకుంటున్నాను, నా నోట్లో పడితే చీమ కూడా దున్నపోతవుతుంది. ఇది మా ఇంట్లో ఏడు తరాలుగా ఉన్న జబ్బు (ఆ ఏడూ పెంచిందే). ఆ రోజుల్లో హిందూపురంలో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో కొత్తగా చేరాను. డేటాబేసును ప్రశ్నలడిగే భాషకు తెలుగులో గైడు రాయడం నా పని. అంతకుముందు మా ఆఫీసులో ఎవరూ రాయలేదు కాబట్టి తప్పు పట్టేవాడూ లేడు. ఆ ధైర్యంతో పూటకు నలభై మాటలు పుట్టించేవాణ్ణి. గడిలో ఏమీ నింపకపోతే కంప్యూటర్ దాన్ని 'నల్' అంటుంది. టీ చల్లారేలోపు దానికి అర్థం రాసేశాను: "నల్ అంటే లేదు." మా బాసు తల గోక్కుని, "ఇంగోసారి ఆలోచించప్పా" అన్నాడు. "ఆలోచించే రాసినా సార్" అన్నాను.

ఆ గైడు మొదట చేరింది ధర్మవరంలోని ఒక పట్టుచీరల అంగడికి. నేర్పడానికి నేనే వెళ్ళాను. అక్కడి పెద్ద గుమాస్తాను అందరూ జరీ మామ అంటారు. పెళ్ళి తేదీ గడిలో నల్ ఉన్న ఆర్డర్లు చూపమని ఆయన కంప్యూటర్‌ను అడిగితే పదకొండు వచ్చాయి. గైడు తిప్పి చూసి, "ఈ పెళ్ళిళ్ళు లేవంట. నిలిచిపోయినట్టుండాయి, పాపం!" అని ఆ చీరలన్నీ అమ్మకానికి పరిచేశాడు. నేను గర్వంగా తలూపాను.

పావుగంటలో మడకశిర నుంచి వచ్చిన ఒకావిడ వాటిలో నెమలికంఠం రంగు చీర భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడింది. సరిగ్గా అప్పుడే పెనుకొండ నుంచి ఒక అవ్వ, వెనక డెబ్బై మంది బంధువులతో, మనవరాలి చీర కోసం దిగింది. ఆ కొంగు మీది హంసలు అవ్వ దగ్గరుండి నేయించుకున్నవే.

"ఏమప్పా, మా పాప చీర ఆయమ్మ భుజం మీద ఏం చేస్తాండాది?"

"మీ పెళ్ళి లేదంట గదవ్వా" అన్నాడు జరీ మామ.

"ఎవురు చెప్పినారు?"

"కంప్యూటరు."

"దాన్నేమన్నా పిలిచినామా పెళ్ళికి? మగ్గం మీద నెలలు పడతాదని చీర ముందే చెప్పినాం. ముహూర్తం అయ్యోరు ఇంగా పెట్టల్యా!"

"నాకిదే కావాల" అంటూ మడకశిర ఆమె ఒక కొస పట్టుకుంది. అవ్వ రెండో కొస పట్టుకుంది. జరీ మామ గైడు ఎత్తి నా వైపు చూపించాడు. చీరా నా ఉద్యోగమూ రెండూ చిరిగేలా ఉన్నాయి. నేను సింహంలా ముందుకు దూకి, "లేదు వేరు, ఇంకా తెలియదు వేరు! నల్ అంటే ఇంకా తెలియదు!" అని గర్జించాను. చీర అవ్వ చేతికొచ్చింది. మిగతా పదీ బీరువాలోకి పోయాయి.

ఇక కల్పించిందేదో చెప్పేస్తాను. డెబ్బై మంది రాలేదు, అవ్వ ఒక్కతే బస్సు దిగి వచ్చింది. గర్జన కూడా నాది కాదు. నేను చీరల కట్టల వెనక నక్కి ఉన్నాను. "లేదు యేరే, ఇంగా తెలీదు యేరే. బయటికొచ్చి రాసుకో నాయనా" అన్నది అవ్వే. వచ్చి రాసుకున్నాను. ఆ గైడులో ఇప్పటికీ ఆ వాక్యమే ఉంది, కింద నా పేరుతో. అవ్వ పేరేమిటో ఆ రోజు అడగాలని కూడా తోచలేదు. నా దగ్గర ఆ గడి ఈనాటికీ నల్లే.