కరెంటు పోయినా రాసింది పోకూడదన్న మా నాగమణక్క

నిన్న మధ్యాహ్నం గుంతకల్లు స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. ఆఫీస్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

"నాగమణి గారు ఇక లేరు."

ఏ నాగమణి అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. మా నాగమణక్క పొద్దున్నే కదా నా కోడ్ మీద కామెంట్ పెట్టింది! "మళ్లా చూడు శీనా, తొందరపడినావు" అని. దానికి నేనింకా జవాబు కూడా ఇవ్వలేదు.

గుండెపోటు. ధర్మవరంలో, ఇంట్లోనే. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది.

ఎక్కాల్సిన రైలు వదిలేసి ధర్మవరం బండెక్కాను.

"ఆ పాప ఏం పని చేసేది?" అని అక్కడ చాలామంది నన్ను అడిగారు. చెప్తాను. కంప్యూటర్‌లో ఏదైనా రాసేటప్పుడు పైన వరసగా బటన్లు ఉంటాయి కదా. అక్షరం లావు చేసేది, రంగు మార్చేది, ఫొటో పెట్టేది, టేబుల్ గీసేది. దాన్ని ఎడిటర్ అంటారు. మా బెంగళూరు కంపెనీ తయారుచేసేది అదే. కొత్త బటన్ కావాలన్నా, ఉన్న బటన్ మొరాయించినా పని అక్క దగ్గరికే వచ్చేది.

అక్కవాళ్లది మగ్గం ఇల్లు. వాళ్ల నాయన పట్టుచీరలు నేస్తాడు.

మా టీంలో కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి వారం ఒకటే మాట అంటాడు. "పాత కోడ్ చెత్తగా ఉంది, పీకేసి కొత్తగా రాద్దాం."

అలా అన్నవాణ్ణి అక్క ధర్మవరం పిలిపించి మగ్గం ముందు కూర్చోబెట్టేది. కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించేటప్పుడు పాత పడుగు కొసలు పీకి పారేయరు. ఒక్కో పాత పోగుకు ఒక్కో కొత్త పోగు మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. ఒక పూటంతా కదలకుండా చూడాల్సిందే.

"చూసినావా అప్పా? అతికేది రానోడు పీకేదానికి చెయ్యెత్తకూడదు."

తర్వాత ఉగ్గాని, బజ్జీ పెట్టి పంపేది.

ఇంటినుంచే పని చేసే అక్కను కంపెనీవాళ్లు బెంగళూరు వచ్చేయమ్మా, టీం లీడ్‌ని చేస్తాం అన్నారు. పోలేదు.

"ఈడ కరెంటు పోతాది సార్. మీ ఎడిటర్ యాడ చెడిపోతాదో ఈడ కూచుంటేనే తెలిసేది."

వాళ్ల వీధిలో ఖాజా భాయ్ అని ఒకాయన ఉన్నాడు. అర్జీలు టైప్ చేసిస్తాడు. ఒకసారి ఎవరో అవ్వ పింఛను అర్జీ మా ఎడిటర్‌లో కొడుతుంటే కరెంటు పోయింది. కొట్టిందంతా గల్లంతు. అవ్వ పాపం మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. భాయ్ నేరుగా వచ్చి అక్క మీద విరుచుకుపడ్డాడు.

అక్క ఆ తప్పును, మా భాషలో బగ్‌ను, రాసి కంపెనీకి పంపింది. మేనేజర్ దాన్ని తొందర లేని పనుల జాబితాలో అడుగున పడేశాడు. "అలాంటి యూజర్లు ఎంతమంది ఉంటారమ్మా?" అన్నాడు.

 

తర్వాతి మీటింగ్‌కి అక్క బ్యాటరీ చచ్చిన పాత లాప్‌టాప్ ఒకటి మోసుకుని బెంగళూరు పోయింది. "సార్, ఈరోజు నోట్స్ మీరే మన ఎడిటర్‌లో కొట్టండి" అంది. ఆయన హుషారుగా మీటింగంతా కొట్టాడు. చివర్లో అక్క లేచి గోడ దగ్గరికి పోయి ప్లగ్ పీకేసింది.

స్క్రీన్ నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే నోట్స్ లేవు.

"ఏం చేశావమ్మా!"

"నేనేం చేయలా సార్. మా ఊర్లో కరెంటు పోయింది, అంతే."

రూమంతా ఘొల్లున నవ్వింది. ఆ బగ్ ఆరోజే జాబితాలో పైకొచ్చింది.

తర్వాత ఆ ఫీచర్ అక్కే కట్టింది. కొట్టే ప్రతి మాటా ఆ మెషీన్‌లోనే దాగి ఉంటుంది. కరెంటు రాగానే రాత మొత్తం తిరిగొస్తుంది. ఖాజా భాయ్ జిలేబీ పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు.

ఒక్క బగ్ మాత్రం మిగిలింది. అలా తిరిగొచ్చిన రాత మీద అన్‌డూ, అంటే చేసింది వెనక్కి తీసుకునే బటన్, ఒక్కసారి నొక్కితే ఒక్క మాట కాదు, మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అక్క దాన్నే సరిచేస్తూ ఉండింది. సగమైంది.

నిన్న శవం దగ్గరే ఒక పెద్దమనిషి అన్నాడు, "బెంగుళూరుకు పోయింటే యాడో ఉండేది. ఈడ కూచోని ఏం సాధించినట్టు?"

సాధించింది పెద్దమనిషీ. రేపు నీ భూమి అర్జీ కొట్టేటప్పుడు కరెంటు పోతే, నీ మాట నిలబడేది ఆమె వల్లే.

వాళ్ల నాయన నన్ను పక్కకు పిలిచాడు. ఏడవలేదు.

"శీనా, పాప పనేదో సగంలో ఉండాదంట గదప్పా?"

"అవును పెదనాయనా."

"మగ్గం మీద సగం చీర ఉంటే కోసి పారేయం నాయనా. ఎవురో ఒకరు కూచోని నేస్తారు."

ఈ ఉదయం ఆన్‌లైన్ మీటింగ్. మౌనం పాటించాం. ఆ వెంటనే మేనేజర్ అన్నాడు, "ఆ అన్‌డూ పని సగంలోనే మూసేద్దాం. చూసుకునేవాళ్లు లేరు కదా."

"నేనుండాను సార్."

"నీకు వేరే పనుంది కదయ్యా."

"అది ఆగుతాది సార్. ఇది ఆగదు."

ఆయన తర్వాతి పనిలోకి పోయాడు. కాదన్నా నేను వినేవాణ్ణి కాదు.

మీరు చదువుతున్న ఈ పోస్ట్ నేను రెండోసారి రాసింది.

మొదటిసారి మా ఊరు కుందుర్పిలో, ఇంట్లో, పాత డెస్క్‌టాప్ మీద, మా ఎడిటర్‌లోనే రాశాను. సగంలో కరెంటు పోయింది. వచ్చాక తెరిచి చూస్తే అంతా ఉంది. ఒక్క మాట పోలేదు. అప్పుడు ఏడ్చాను, నిన్నటినుంచి రాని ఏడుపు.

కళ్లు తుడుచుకుని, ఏదో మాట తప్పు పడిందని అలవాటుకొద్దీ అన్‌డూ నొక్కాను.

మొత్తం పోయింది.

అక్కా, నీ బగ్ ఇంకా బతికే ఉంది. సరిచేయకుండా దాన్ని ఎవరూ మూయరు. నేను మూయనివ్వను. సరిచేసిన రోజు ఆ కోడ్ పైన నీ పేరే ఉంటుంది, కింద నాది.

నువ్వు నెమ్మదిగా పడుకో అక్కా. శాంతి నీకు కావాలి, నీ పని ముగిసేదాకా మాకు వద్దు. నువ్వు వదిలిన పోగు కొస నా చేతిలోనే ఉంది.