తాళం వేసిన ఇంటి జవాబు

దెయ్యాల మాట ఎత్తితే ఎదుటివాళ్ల మొహం మీదే నవ్వే రకం నేను. తాయెత్తు కట్టుకోమన్నందుకు మా అత్తతోనే పోట్లాడాను. అలాంటిదాన్ని చెబుతున్నాను కాబట్టి కాస్త వినండి.

విరుదునగర్‌లో మాది పాత వీధి. అరుగులు, టేకు స్తంభాలు, నడిమధ్య ఆకాశం కనబడే మండువా. ఇళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. రెండిళ్లకూ కలిపి ఒకటే మట్టిగోడ, దానికి రెండువైపులా గూళ్లు, గూళ్ల నిండా సామాను. అందుకే మా వీధిలో ఒక కట్టుబాటు. గోడకు మేకు కొట్టాలన్నా ముందు రోకలితో తట్టాలి. అవతలివాళ్లు సామాను తీసేసుకుని ఒక్కసారి తడితే ‘కానివ్వండి’ అని. ఆపకుండా తడితే ‘ఆగండి’ అని.

పోయిన ఏడు మా అమ్మాయిని కోవిల్‌పట్టి నుంచి పురిటికి తీసుకొచ్చాం. నెలలు నిండాయి. మాటిమాటికీ మండువా దాటి పెరట్లోకి పోలేక అవస్థపడుతోందని, దాని గదికే స్నానాలగది కట్టిద్దామనుకున్నాను. గొట్టం కోసం పక్కింటితో కలిసిన గోడ కొంచెం చెక్కాలి. ఆ ఇల్లు ఏళ్లుగా మూసే ఉంది. ఇంటివాళ్లు మదురైలో ఉంటారు, తాళంచెవి మా దగ్గరే ఉంటుంది.

మేస్త్రీ సుత్తి ఎత్తాడు. అత్త అడ్డం వెళ్లింది.

"తట్టకుండా గోడ మింద చెయ్యి పెట్టేదా? వద్దుమే!"

"తడితే పలికేదెవురు అత్తా, బల్లులా?" అన్నాను. అన్నానే గానీ ఆమె పోరు పడలేక రోకలి తీసుకుని తట్టాను.

జవాబొచ్చింది. దబదబా, ఆపకుండా. గూట్లో చెంబులు వణికాయి, సున్నం రాలింది. ఆ గోడ పక్కనే మంచం మీదున్న అమ్మాయి ఉలిక్కిపడి లేచింది.

నిజం చెప్పొద్దూ, నాకు ముందు కోపమొచ్చింది. ఎవడో దొంగవెధవ దూరాడనుకున్నాను. పట్టపగలేనన్న ధైర్యంతో, మేస్త్రీని వెంటబెట్టుకుని, తాళంచెవి తీసుకుని బయల్దేరాను.

"నేనొకతే ఈడ ఉండలేనుమా" అంటూ అమ్మాయి కడుపు పట్టుకుని వెనకే వచ్చింది. దాన్ని అత్త నడిపించుకొచ్చింది.

తలుపు తీశాను. నేల నిండా దుమ్ము, దాని మీద పిల్లి అడుగు కూడా లేదు. మా గోడ ఎదురుగానే కనబడుతోంది, దాని దగ్గర ఎవరూ లేరు. చప్పుడు మాత్రం అక్కడినుంచే వస్తోంది.

అందరికన్నా వెనక అమ్మాయి గడప దాటింది. చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఒక్కటే దెబ్బ వినిపించింది.

అత్త నా మోచెయ్యి పట్టుకుంది. మేమంతా చూస్తుండగానే గోడ మా ఇంటివైపు కూలిపోయింది. అమ్మాయి మంచం ఉన్న చోట మట్టికుప్ప తప్ప ఏమీ మిగల్లేదు.

పక్కింటి దూలాన్ని చెదలు తినేశాయని, అది కదిలిన చప్పుడే మేం విన్నామని మేస్త్రీ అన్నాడు. కావచ్చు. మరి నేను తట్టేదాకా అది ఎందుకు ఊరుకుంది? నా బిడ్డ బయటికొచ్చేదాకా ఎందుకు ఆగింది?

ఆ వారమే మనవరాలు పుట్టింది. బిడ్డ ప్రాణం నిలిపినవాళ్ల పేరు పెట్టుకోవడం మావాళ్ల ఆనవాయితీ. మదురైకి ఫోన్ చేసి, ఆ గోడ పక్క గదిలో ఎవరుండేవాళ్లని అడిగాను. మిరపకాయ మూటలు వేసేవాళ్లమే గానీ మనుషులెవరూ ఉండలేదన్నారు.

పిల్లకు ఇప్పుడు నడక కూడా వచ్చింది. ఇంకా పాపా అనే పిలుస్తున్నాం.