నేను చదివిన బ్రహ్మకన్ను

ప్రొద్దుటూరులో మా నాయన నగలు చేసేవాడు. బజారు వెనక సందులో మా ఇంటి వసారానే ఆయన పనిచోటు. బంగారం పని నాయనది, రాళ్లు పొదిగే పని ఒక ముసలి సాయిబుది. నేను పుట్టకముందు నుంచీ ఆయన మా వసారాలోనే కూర్చుని పనిచేసేవాడు, అందుకని ఆయన్ని తాతా అని పిలిచేదాన్ని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్లయి ఉంటుంది. నాకు పదహారు నిండాయి. బడి చదువు అయిపోయింది, పెళ్లింకా కుదరలేదు. మధ్యాహ్నాలు వాళ్లిద్దరూ పనిచేసుకుంటుంటే గడప మీద కూర్చుని వారపత్రిక చదివి వినిపించేదాన్ని.

నేను బాగా చదువుతానని సందంతా పేరుంది. ఆ పేరు నాకు కొంచెం తలకెక్కింది కూడా. కథ ఎక్కడైనా చప్పబడితే నా సొంత మాట ఒకటి కలిపేదాన్ని. వినేవాళ్లు నోరు తెరిస్తే అదో సంతోషం.

ఆ వారం పత్రికలో ఒక నల్లవజ్రం గురించి రాశారు. దాన్ని బ్రహ్మకన్ను అంటారట. తుపాకి గొట్టం రంగులో ఉంటుందట. పూర్వం పుదుచ్చేరి దగ్గర ఏదో గుడిలో బ్రహ్మ విగ్రహానికి కన్నుగా ఉండేదట. ఒక సన్యాసి దాన్ని పెకలించుకుని పోయాడట, అప్పటి నుంచి దానికి శాపం తగిలిందట. అది రష్యా రాజకుమార్తెలకు చేరితే వాళ్లిద్దరూ ఎత్తయిన మేడల మీద నుంచి దూకి చనిపోయారట. అమెరికాకు తీసుకుపోయిన వ్యాపారి కూడా అట్లాగే పోయాడట. చివరికి దాన్ని కొన్నవాళ్లు శాపం విరగాలని మూడు ముక్కలుగా కోయించారట. ఆ తర్వాత ఎవరికీ ఏమీ కాలేదట.

అది చదివిన మధ్యాహ్నమే జమ్మలమడుగు నుంచి అత్తాకోడళ్లు ఇద్దరు వచ్చారు. భూములున్న రెడ్ల కుటుంబం. కోడలికి ముప్పై ఏళ్లుంటాయి, పుట్టిల్లు పులివెందుల పక్కన వేముల దగ్గర పల్లె. ఆమె మెడలో కెంపుల పతకం, కెంపుల నడుమ రేగిపండంత నల్లరాయి. పుట్టింటివాళ్లు పెట్టిన సొమ్ము. ఆ నల్లరాయి కదులుతోంది, బిగించమని వచ్చారు. తాత పతకాన్ని లక్కలో కూర్చి పని మొదలుపెట్టాడు.

"ఇది నల్లవజ్రం ఆచారీ! మా పక్క ఊళ్లల్లో ఇట్లాంటిది ఇంగోటి లేదు," అంది అత్త గొప్పగా.

నాయన నవ్వి, "మా పాప ఇప్పుడే నల్లవజ్రం కత సదివింది, ఇనండి పెద్దమ్మా. మళ్లొకసారి సదువు పాపా," అన్నాడు.

నేను గొంతు సవరించుకుని చదివాను. సన్యాసి దొంగతనం దగ్గర కోడలు నన్ను ఆపింది.

"బ్రహ్మదేవునికి గుడి యాడుంటాది పాపా? ఆయప్పకు పూజల్యాకుండా శాపమే ఉంది గదా?"

"పుదుచ్చేరిలో ఉంది. పత్రికలో రాసినారు," అన్నాను కాస్త విసురుగా. ఆ ప్రశ్న ఎంత సరైనదో చాలా ఏళ్లకు గాని తెలియలేదు. పెద్దయ్యాక మరోచోట చదివాను. మన దేశంలో అట్లాంటి నల్లవజ్రాలు దొరికిన దాఖలా లేదట, ఆ రాజకుమార్తెల్లో ఒకామె అసలు ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదట. కథంతా ఎవరో తర్వాత అల్లిందే కావచ్చునట. పత్రికలో అచ్చు చూసి నేను నమ్మిన దాన్ని ఆమె ఒక్క మాటతో పట్టుకుంది.

రాజకుమార్తెలు మేడల మీద నుంచి దూకిన భాగం వచ్చేసరికి అత్త ముందుకు వంగింది. "అందరూ పైనుంచి పడే సచ్చినారా?" అని అడిగింది. ఆమె అట్లా వినడం చూసి నాకు హుషారు పుట్టింది. పత్రికలో లేని మాట ఒకటి నోటికి వచ్చేసింది.

"అంతే గాదు పెద్దమ్మా. అది ఉండే ఇంట్లో పడుసోళ్లు నిలవరంట."

కోడలు తల వంచుకుని చీర కొంగు సరిచేసుకుంది. పని అయిపోయాక పతకం తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఒక్కమాటా మాట్లాడుకోకపోవడం చూశాను. నా చదువు అంత బాగా పనిచేసిందనుకున్నాను.

నెల తిరగలేదు. ఒక ఉదయం ముప్పై లోపు మనిషి ఒకడు మా వసారా ముందు నిలబడి, "బ్రహ్మకన్ను కత సదివింది ఎవురు?" అని అడిగాడు. ఎవరో మెచ్చుకోవడానికి వచ్చారనుకుని నేనే లేచాను. అతను జేబులో నుంచి ఆ కెంపుల పతకం తీసి నాయన పనిపీట మీద పెట్టాడు.

"నేను ఆయమ్మి తమ్మున్ని. మా యక్కను ఇంట్లోనుంచి పంపిచ్చేసినారు. ఇద్దరు పిల్లోళ్లను ఆడనే పెట్టుకున్నారు. పోయిన వానాకాలం ఆ ఇంట్లో సిన్నోడు మిద్దె మీద నుంచి జారిపడి సచ్చిపాయ. పెండ్లి గూడా కాల్యా ఆ అబ్బోనికి. అప్పటికాన్నుంచి ఎవురూ ఎవుర్నీ ఏమీ అనల్యా. ఇప్పుడేమో ఈ రాయే సంపిందంట. 'పడుసోళ్లు నిలవరని ప్రొద్దుటూరులో పుస్తకం సూసి సదివినారు' అంటాంది మా యక్క అత్త."

నేను చెప్పిన మాట, నేను పుట్టించిన మాట, ముక్క తేడా లేకుండా ఒక పరాయి మనిషి నోట్లో నుంచి నా ముందుకు వచ్చింది. పత్రికలో ఆ మాట లేదని, నేనే కలిపానని నాయనకు చెప్పాను.

అప్పుడు తాత చేతిలో పనిముట్టు కింద పెట్టి, మెల్లగా అన్నాడు. "ఆచారీ, అది వజ్రం కాదు. గాజు."

నాయన ఆయన వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"లక్కలో పెట్టిన పొద్దే."

"మరి ఎందుకు సెప్పల్యా?"

"అత్త పక్కన కూర్చోనుంటే, కోడలి పుట్టింటి సొమ్ము గాజని ఎట్ల సెప్పేది? అడగంది సెప్పగూడదని మా అబ్బ నేర్పినాడు. మంచే సేసినా అనుకున్యా."

ఆ తమ్ముడు పతకం చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అది వాళ్ల అవ్వ మెడలోది. అతనికీ తెలియదు. కోపంగా వచ్చిన మనిషి మా గడప మీదే కూలబడ్డాడు.

"పదండి, జమ్మలమడుగు పోదాం," అన్నాడు నాయన. నేను లోపలికి పోబోతుంటే పిలిచాడు. "నువ్వు గూడా రావల్ల. సదివిన నోరే వచ్చి సెప్పల్ల."

నాయన నన్ను ఎన్నడూ అంత కటువుగా పిలవలేదు. నాయన, తాత, ఆ తమ్ముడు, నేను నలుగురం బస్సెక్కాం.

వాళ్లది పెద్ద మట్టిమిద్దె. మా సీమలో మిద్దెలకు నడుమ వెలుతురు కోసం పైకప్పులో గవాక్షి వదులుతారు, వాన వస్తే ఎవరో ఒకరు పైకెక్కి బండ మూసి రావాలి. ఆ ఇంట్లో ఎండ కాస్తున్నా గవాక్షి మూసే ఉంది. పట్టపగలు లోపల దీపం పెట్టుకున్నారు. పిల్లలిద్దరూ తండ్రి పక్కన నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. ఆ తండ్రి పెద్దకొడుకు. భార్యను పంపేసిన మనిషిలా లేడు, జ్వరపడి లేచినవాడిలా ఉన్నాడు.

నేను పెద్దామె ముందు నిలబడి ఉన్నమాట చెప్పాను. "పడుసోళ్లు నిలవరనే మాట పత్రికలో ల్యా పెద్దమ్మా. నేనే కల్పించి సెప్పినా. తప్పయిపాయ."

ఆమె నన్ను చూసి తల ఊపింది. "మీ నాయన బెదిరిస్తే ఇట్ల సెప్తాండావు. నాకు తెలుసు. సదివేటప్పుడు నీ మొగం సూసినా గదా, అబద్ధం సెప్పే మొగం కాదది." తర్వాత తాత వైపు తిరిగింది. "సాయిబూ, దాన్ని మూడు ముక్కలు సెయ్యి. అట్ల సేస్తే శాపం పోతాదంట. పోతే నా కోడల్ని నేనే పిలుచుకొస్తా. ఆ పిల్ల మింద నాకేం కోపంల్యా. ఆ రాయే, ఆ రాయే నా బిడ్డను తీస్కపోయింది."

తాత వెలుతురు కోసం పతకాన్ని గుమ్మం దగ్గరికి తీసుకుపోయి, సంచిలో నుంచి ఆకురాయి తీశాడు. "పెద్దమ్మా, ఇది ఇనుమును అరగదీసేది. వజ్రమైతే దీనికి లొంగదు. సూడు," అని నల్లరాయి అంచు మీద రెండుసార్లు రాశాడు. గీత పడింది. వేలితో తుడిస్తే తెల్లటి పొడి అంటింది. మరోసారి రాశాడు. ఇంకో గీత. "గాజమ్మా ఇది. దీనికి ఎవురి శాపమూ ల్యా. దీన్ని ఎవురూ యా గుళ్లోనుంచీ తేల్యా."

ఇక ఆమె కోడలి పుట్టింటిని తిడుతుందని నేను అనుకున్నాను. గాజు పెట్టి మోసం చేశారంటుందని భయపడ్డాను. ఆమె ఆ గీతల మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసి చూసింది.

"గాజా?" అంది. "అయితే నా బిడ్డను నేనే సంపుకున్యానా?"

ఎవరికీ అర్థం కాలేదు, పెద్దకొడుక్కి తప్ప. అతను పరుగున వచ్చి తల్లి భుజాలు పట్టుకున్నాడు. "అమ్మా, వద్దమ్మా, వానమ్మా అది, నువ్వేం సేస్తావు?"

"ఎక్కనన్యాడురా వాడు! జారతాది, వాన ఆగినాక పోతా అన్యాడు. నేనే గసిరినా. ధాన్యం తడుస్తాది, గవాక్షి ముయ్యిపోరా సోంబేరీ అన్యా. కడాకు వాడు నా నోట ఇన్న మాట అదే." ఆమె రెండు చేతులతో నోరు బాదుకుంది. "రాయన్నారు, శాపమన్నారు, అబ్బ, నేను కానే కాదని బతికినా నెలరోజులు. నెలరోజులు తిన్యా, పండుకున్యా. గాజంట!"

పిల్లలు భయపడి ఏడ్చారు. తాత ఆకురాయిని సంచిలో పెట్టేశాడు. ఆ అబద్ధం కోడల్ని ఇంట్లోనుంచి వెళ్లగొట్టింది, ఆ అబద్ధాన్ని చంపడానికి నేను వచ్చాను. అదే అబద్ధం మీద ఈ తల్లి ఒక నెల నిద్రపోయిందని ఎవరు అనుకుంటారు? నేను చెప్పిన అబద్ధమూ ఒకరిని కాల్చింది, నేను చెప్పిన నిజమూ ఒకరిని కాల్చింది. పదహారేళ్ల బుర్రకు అది అందలేదు. ఇప్పటికీ పూర్తిగా అందిందని చెప్పలేను.

మర్నాడు పెద్దామె తానే కోడలి పుట్టింటికి బయలుదేరింది. నాయన, నేను, ఆ తమ్ముడు తోడు వెళ్లాం. పులివెందులలో బస్సు దిగి, అక్కడి నుంచి ఎద్దులబండి మీద ఆ పల్లె చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. కోడలు వసారాలో శెనక్కాయలు వొలుస్తోంది. అత్తను చూసి లేచి నిలబడింది. పెద్దామె దగ్గరికి పోయి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, "రామ్మా, పిల్లోళ్లు నీ కోసరం ఏడుస్తాండారు," అంది. కోడలు ఆమెను లోపల మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

ప్రయాణానికి మూట కట్టుకుంటుంటే నేను పక్కన చేరి క్షమించమన్నాను. ఆ రాయి గాజని తాత తేల్చాడని కూడా చెప్పాను. ఆమె చీర మడత పెడుతూనే, "నాకు తెలుసు పాపా," అంది.

"తెలుసా? ఎప్పటికాన్నుంచి?"

"పెండ్లికి ముందే మా అవ్వ సెప్పింది. అసలు రాయి కరువులో అమ్ముకున్యారంట. ఎవురికీ సెప్పొద్దనింది."

"మరి నిన్ను ఎల్లగొట్టేటప్పుడు ఒక్కమాట సెప్పుంటే సాలు గదక్కా! పిల్లోళ్లను ఇడిసిపెట్టి వచ్చే పనేముండాది?"

ఆమె లోపల మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ అబ్బోడు పోయిన కాన్నుంచి మా అత్త కూడు ముట్టల్యా, కన్ను మూయల్యా. మిద్దె పక్క సూసుకుంట కూర్చునేది. నువ్వు ఆ కత సదివిన పొద్దు ఇంటికి పోయి ముద్ద తినింది. ఆ రాతిరి నిద్దరపోయింది. రాయి మింద ఏడ్సనీలే, కొన్నాళ్లకు తేరుకున్యాక తనే పిలుస్తాదిలే అనుకున్యా." ఒక్క క్షణం ఆగి, "పిల్లోళ్లను పెట్టుకుంటాదని మాత్రం అనుకోల్యా. దానికి శానా ఏడ్సినా," అంది.

పెద్దామె ఎందుకు కుమిలిపోతోందో ఈమెకు మొదటి నుంచీ తెలుసు. ఏ మాట అంటే తాను బయటపడుతుందో తెలిసి కూడా ఆ మాట మింగి, కన్నపిల్లలను వదిలి, అబద్ధపు శాపాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చేసింది. ఆ రోజు వరకు అట్లాంటి మనిషి ఉంటుందని నేను ఎరగను. మూట ఎత్తి ఆమె చేతికిచ్చాను.

నా పెళ్లయ్యాక ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు ఆ కోడలు మా వసారాలో కనిపించింది, కూతురికి కమ్మలు చేయించడానికి వచ్చి. పెద్దామె పోయి ఏడాది అయిందట. అన్నేళ్లూ ఎట్లా గడిచిందని అడిగాను.

"వాన పడినప్పుడల్లా నన్ను పిలిచి కూర్చోబెట్టుకునేది. ఆ పొద్దు ఏం జరిగిందో మొదటికాన్నుంచి సెప్పేది. ఎక్కనన్యాడు, నేనే గసిరినా అని. నేను మొదటికాన్నుంచి ఇనేదాన్ని," అంది.

నాయన కమ్మలు తెచ్చి ఇచ్చాడు. ఆమె వాటిని కూతురి చెవుల దగ్గర పెట్టి చూసి, బాగున్నాయంది. జమ్మలమడుగు బస్సుకు టైమవుతోందని ఇద్దరూ లేచారు.