పూణె నుంచి వచ్చిన కొమ్మలు

పోయిన నెలలో మోకాళ్లకు మర్దన చేసే ఒకామె వనపర్తిలోని మా ఇంటికి వచ్చి, సంచీలోంచి చిన్న సీసా తీసి మూత తిప్పింది. గులాబీ అనుకునేలోపే నిమ్మతొక్క, ఆ వెనకే పచ్చి ఆకు నలిపినప్పటి ఘాటు. "జిరేనియం నూనె కలిసింది టీచరమ్మా, నొప్పులకు మంచిగ పన్జేస్తది" అని ఆమె చెబుతూనే ఉంది. నేను వినడం లేదు. మోకాళ్లు ఆమెకు అప్పగించి, నేను మాత్రం బిజినేపల్లి దగ్గరి ఒక ఊళ్లో మా చిన్నమ్మ పెరట్లో నిలబడి ఉన్నాను.

చిన్నమ్మ అంటే మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకంటే పదేళ్లే పెద్ద. ఆమె, చిన్నాయన పెళ్లయిన నాటి నుంచీ ఏటా వానకాలం పంట ఇంటికి చేరగానే పూణె వైపు కూలికి పోయేవాళ్లు. మొదట్లో కాలువలు తవ్వారు, తర్వాత మేడలకు ఇటుకలు మోశారు, ఒళ్లు సహకరించని వయసులో ఒక తోటలో కుదిరారు. ఆ తోటలో కాయా కాయదు, పండూ పండదు. తొడ ఎత్తు జిరేనియం పొదలు, జడివానలో నానిన గుడ్డలా మెత్తటి ఆకులు. వాటిని కోసి, ఆవిరి పట్టి నూనె తీస్తారు. సబ్బులకూ అత్తర్లకూ చర్మం మందులకూ పోతుంది. చిన్నాయన నీళ్లు పారించేవాడు. చిన్నమ్మను నారు కట్టే షెడ్డులో కూర్చోబెట్టారు. చదువురాని ఆమె మూడేళ్లపాటు ఎవరి కొమ్మ ఎందుకు బతికిందో, ఎవరిది ఎందుకు కుళ్లిందో చూసి చూసి నేర్చుకుంది. చివరి ఏడు ఆ తోట యజమానురాలిని అడిగి కొన్ని కొమ్మలు తెచ్చుకుంది. ఊరి వాళ్లు పూణె నుంచి ప్రెషర్ కుక్కర్లు తెచ్చుకుంటే ఈమె తడిగోనెలో చుట్టిన పుల్లలు తెచ్చిందని మా అమ్మ చాలాకాలం నవ్వింది.

ఆ పుల్లల పని దగ్గర మాత్రం చిన్నమ్మ నవ్వనిచ్చేది కాదు. బెత్తెడు పొడవు, మూడు నాలుగు కణుపులు. అడుగు కణుపు కింద ఏటవాలుగా కోత. కింది ఆకులు తుంచేసి, పైన రెండే ఉంచాలి. ఎర్రమన్ను, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపిన నల్ల సంచుల్లో ఒక్కొక్కటి గుచ్చి, ఆకుపచ్చ నీడ వల కింద పేర్చేది. నీళ్లు చిలకరించాలే తప్ప పొయ్యకూడదు. వేరు పట్టిందో లేదో అని పీకి చూసినందుకు ఒకసారి నా చేతి మీద కొట్టింది. అప్పటికి నేను పాతికేళ్ల సర్వీసున్న టీచర్ని. చిన్నాయనకు ఈ శాస్త్రం పట్టేది కాదు. పొద్దున్నే ఒక ఆకు నలిపి చొక్కా జేబులో వేసుకుని, హోటల్ దగ్గర "పెండ్లికొడుకు వచ్చిండు" అని నలుగురూ అంటే మురిసిపోయేవాడు.

మొదటి ఏడు అరెకరంలో మొక్క నిలిచింది. కోసిన ఆకును ట్రాలీ ఆటోలో పెద్దమందడి తీసుకుపోయేవాళ్లు. అక్కడ నిమ్మగడ్డి రైతు ఒకాయనకు ఆవిరి డ్రమ్ము ఉండేది. నీటి మీద తేలిన నూనెను వంచుకుని, గద్వాలలో అత్తర్లు అమ్మే ఒక ముసలాయనకు ఇచ్చేవాళ్లు. ఆయన దూది పుల్ల ముంచి, కళ్లు మూసుకుని, "మాషా అల్లా, ఇది చేతి పనమ్మా" అన్న రోజు చిన్నమ్మ బస్సు దిగి ఇల్లు చేరేదాకా చిన్నాయనతో ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పించుకుందట.

రెండో ఏడు గొడవ ఎరువు దగ్గర వచ్చింది. ప్రతి కోత తర్వాత కొత్త చిగురు కనిపించాకే, అదీ గుప్పెడు గుప్పెడుగా, తడిలో యూరియా వెయ్యాలన్నది చిన్నమ్మ పద్ధతి. మిగతాదంతా పశువుల ఎరువు, వేపపిండి. చిన్నాయనకు ఓపిక లేదు. కోసిన వారం దాకా మోడులు అలాగే ఉంటే ఆయనకు భయం వేసేది. ఆమె చుట్టాలింట్లో చావుకు వెళ్లిన రెండు రోజుల్లో రెండు బస్తాలు చల్లేశాడు. ఆకు అరచేతులంత అయింది. ఆయన గర్వంగా సగం చేను కోయించాడు. గద్వాల ముసలాయన ఈసారి కళ్లు తెరిచే వాసన చూశాడు. "ఆకు పెరిగింది గని బిడ్డా, వాసన పల్సగైంది" అన్నాడు. ఆ వారమే ముసురు పట్టింది. ఏపుగా, నీరుబట్టి ఉన్న కాండాలు మొదళ్ల దగ్గర నల్లబడి ఒరిగిపోయాయి. వాన వెలిసేసరికి చేనంతా ఉడికించిన ఆకుకూరలా పడి ఉంది. కొమ్మలు కోసుకోవడానికి పెరట్లో ఉంచుకున్న తల్లి మొక్కలకు కూడా అదే ఎరువు, అదే తెగులు.

చిన్నమ్మ ఏడవలేదు. చేను గట్టు మీద నిలబడి, నా ముందరే అంది. "నీ చెయ్యి వెట్టకుంటె బతుకుతుండె గద. నువ్వు ముట్టిందేది నిలిచిందో చెప్పు." వాళ్లకు పిల్లలు లేరు. పుట్టిన ఇద్దరూ దక్కలేదు. ఆ మాట ఎక్కడ తగిలిందో ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆమెకూ తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

చలికాలం మొదట్లో ఒక ఉదయం ఆయన అన్నం తిని, ఎవరికీ చెప్పకుండా పూణె బస్సెక్కాడు. తోటామె దగ్గర మళ్లీ కొమ్మలు అడిగి తీసుకుని తిరుగు బస్సులో వస్తున్నాడు. కర్ణాటక దాటాక తెల్లవారింది. చాయ్ కోసం బస్సు ఆగితే అందరూ దిగారు, ఆయన దిగలేదు. గుండె ఆగి ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు. ఒళ్లో ప్లాస్టిక్ సంచి పట్టుకునే ఉన్నాడు.

మధ్యాహ్నానికి శవం ఇంటికి చేరింది. పాస్టరు గారు వచ్చారు, శవపెట్టె కోసం మనిషిని పంపారు, వాకిట్లో ఆడవాళ్లు పాటలు ఎత్తుకున్నారు. తలాపున కూర్చున్న చిన్నమ్మ ఆ సంచి విప్పి చూసింది. కొన్ని కొమ్మలు అప్పటికే వేడికి నల్లబడుతున్నాయి. ఆమె లేచి పెరట్లోకి నడిచింది. ఏడవడానికేమో అని నేను వెంట వెళ్లాను. ఆమె నేల మీద కూర్చుని, మన్ను కలుపుతోంది.

"చిన్నమ్మా, ఏంది గిది? అందరు జూస్తున్నరు" అన్నాను.

"కత్తెర అందియ్యి బిడ్డా."

నేను అందివ్వలేదు. సిగ్గుతో నా ఒళ్లు కాలిపోతోంది. వాకిట్లోంచి ఎవరో "దానికి మతి వొయ్యింది" అంటున్నారు, ఇంకెవరో "మొగడు సచ్చినా నూనె పిచ్చి వోలేదు" అంటున్నారు. అప్పుడు గోడ పట్టుకుంటూ చిన్నాయన తల్లి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. కొడుకు శవం దగ్గరి నుంచి లేచి వచ్చింది. కత్తెర తీసి కోడలి చేతిలో పెట్టి, పక్కన చతికిలబడి, నల్ల సంచుల్లో మన్ను నింపడం మొదలుపెట్టింది. ఇద్దరూ పెట్టె వచ్చిందని కబురొచ్చేదాకా కొమ్మలు గుచ్చుతూనే ఉన్నారు. మట్టి చేతులతోనే సమాధి దాకా నడిచారు.

ఆ కొమ్మల్లో సగానికి పైగా కుళ్లిపోయాయి. నలభై చిల్లర బతికాయి. మరుసటి చలికాలానికి వాటి నుంచే అరెకరం నిండింది. ముసలమ్మ ఆ కోత చూడలేదు. చిన్నమ్మ ఇప్పటికీ ఒక్కతే ఆ చేను చేస్తోంది. అత్తరు ముసలాయన పోయాక ఆయన అల్లుడు కొంటున్నాడు. నూనె మంచిదేనట. ఆ సంగతి నాకు ఇతరుల నోటే తెలిసేది. చాలాకాలం నేను ఆమె ఇంటికి వెళ్లలేదు. మొగుడి శవం ఉండగా మన్ను పిసికిన మనిషిగానే ఆమెను మనసులో ఉంచుకున్నాను.

మా వారు పోయిన ఏడాదికి ఆమె నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, ఆ రోజు గురించి మొదటిసారి అడిగాను. ఆమె తన వేళ్ల సందుల్లోకి చూసుకుంది.

"ఆయన పొయ్యేటప్పుడు నాతోని మాట్లాడలే బిడ్డా. నేను గూడ మాట్లాడలే. గా కొమ్మలు తెచ్చుడే ఆయన మాట. గది గూడ సచ్చిపోతె నేను ఇంగేం జెప్పుకొని బతకాలె? ఏడ్సుడుకు నాకు పానమున్నన్ని దినాలున్నయి. కొమ్మలకు గా ఒక్క పొద్దే ఉండె."

నేను కత్తెర అందివ్వకుండా చేతులు కట్టుకుని పెరట్లో నిలబడ్డ ఆ మధ్యాహ్నం మహా అయితే గంటన్నర ఉంటుంది. ఇన్నేళ్లయినా నాకు ఇంకా ఆ పొద్దు గూకలేదు.