అమ్మ బొమ్మలో తెల్లరంగు

పెళ్లి ఫొటోలో నా నవ్వును కంప్యూటర్‌లో పెద్దది చేసి చూపిస్తూ, "పండ్లు తెల్లగ చెయ్యాల్నా మేడం?" అని స్టూడియో అతను అడిగేసరికి మేనమామ రంగుడబ్బాల వాసన ముక్కుకు తగిలినట్టయింది.

మామ నార్కట్‌పల్లిలో దుకాణాల బోర్డులు రాసేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఊరు మర్రిగూడ వచ్చి, అమ్మను గడప మీద కూర్చోబెట్టి బొమ్మ వేశాడు. సాయంత్రపు ఎండకు ఆమె చెంప రాగిలా మెరిసింది. మా వైపు బోరునీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల అమ్మ పళ్ల మీదా నా పళ్ల మీదా గోధుమరంగు చారలుండేవి. నవ్వుతున్న పెదాల మధ్య వేయడానికి మామ ఆ రంగే కలిపాడు.

"తమ్మీ, పండ్లు తెల్లగ వెయ్యి," అంది అమ్మ.

బడిలో పిల్లలు వెక్కిరించారని నేను ఏడ్చినప్పుడల్లా, "మనయి కాల్చిన మక్కగింజల లెక్కుంటయి బిడ్డా, ఎంత ముద్దుగుంటయో," అన్నది ఈ అమ్మే. ఆ మాట నమ్మబట్టే నేను బడిలో నోరు తెరిచి నవ్వేదాన్ని.

"మరి నాకెందుకు గట్ల చెప్పినవ్?" అని అరిచాను. అమ్మ కొంగుతో నోరు మూసుకుంది. చాలా రోజులు నేను ఆ బొమ్మ వైపు చూడలేదు.

అందులో చెంప మీది ఎండ ఎప్పుడో వెలిసిపోయింది. పళ్లు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"చెయ్యండి," అన్నాను స్టూడియో అతనితో.

పక్కనే కూర్చున్న అమ్మ నా వైపు చూడలేదు.