ఐదు పట్టు, ఐదు వదులు

నా చిన్నప్పుడు ఇంటా బయటా నేను లెక్కపెట్టనిది లేదు. అరుగు మెట్లు నాలుగు, చూరు కింద పిచ్చుక గూళ్ళు మూడు, నందిగామ నుంచి మా జగ్గయ్యపేట వచ్చే బస్సు చిల్లకల్లులో ఆగే నిమిషాలు ఏడు. ఇవన్నీ గళ్ళ నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకునేదాన్ని. మనిషి చెప్పిన మాట మరునాటికి మారవచ్చు గాని రాసిన అంకె మారదని ఆరో తరగతిలోనే నాకు నమ్మకం కుదిరింది. తరువాత ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కల పాఠం చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. ఆ నమ్మకానికి మాత్రం ఇంకా విరమణ ఇవ్వలేదు. ఆనాటి నోటుపుస్తకాల్లో ఇప్పుడు మిగిలింది ఒక్కటే. అందులో ఒక పేజీలో పదిహేడో ఎక్కం వంకరటింకరగా రాసి, నాలుగో వరుసలో ఆగిపోయి ఉంటుంది. అది ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే పక్కింటి అక్కతో మొదలుపెట్టాలి.

అక్క అత్తవారిది ముక్త్యాల. ఆ ఏడు పురిటికి పుట్టింటికి వచ్చింది. జూన్‌లో మూడున్నర కిలోల మగపిల్లవాడు పుట్టాడు. మా చర్చిలో క్రిస్మస్ పొద్దుటి ఆరాధనకు పాట ఎత్తుకునేది అక్కే. పదిహేడో ఏట నుంచి వరసగా ఆరు క్రిస్మస్‌లు ఎత్తుకుంది. పాట చివర ఒక పైస్వరం ఉంటుంది. దాన్ని అక్క పట్టి ఉంచినంతసేపూ నేను ఒళ్ళో వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టేదాన్ని. కిందటి ఏడు తొమ్మిది.

అలాంటి అక్క సెప్టెంబరులో పాట సాధన మొదలైతే రానంది. పిల్లవాడు ఏడుస్తాడంది. ఆ పిల్లవాడు ఏడ్చేది చాలా తక్కువని నా దగ్గర లెక్క ఉంది. ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ ఆడవాళ్ళు, "ముక్త్యాల కోడలయ్యింది, ఇంక మనతో పాడుద్దా" అనుకున్నారు. అక్క ఆ మాట విని కూడా బదులివ్వలేదు. అది నాకు ఇంకా వింతగా తోచింది. అక్క బదులివ్వకుండా ఎవరినీ వదిలిన మనిషి కాదు.

నాకు తెలిసిందల్లా ఒక అంకె. నందిగామలో నర్సుగా పనిచేసే మా మేనత్త ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేది. ఆమె కాఫీ తాగుతుండగా నోటుపుస్తకం తెరిచి చూపించాను.

"అత్తా, పక్కింటి అక్క రోజుకి నాలుగు చీరలు ఆరేస్తంది. బాబు గుడ్డలు కాదు, చీరలే. వారం నించీ చూస్తన్నా."

ఏ పెద్దవాళ్ళయినా నవ్వి ఊరుకునేవారు. మా అత్త గ్లాసు కింద పెట్టి పక్కింటికి వెళ్ళింది. తలుపు వేసుకుని ముప్పై నాలుగు నిమిషాలు మాట్లాడారు. లోపల ఏం జరిగిందో నాకు పెద్దయ్యాక తెలిసింది. అక్కకు దగ్గినా, నవ్వినా, బిందె ఎత్తినా బట్ట తడిసిపోతోంది. పైస్వరం అందుకోవాలంటే పొట్ట బిగబట్టాలి. నిండు చర్చిలో, తెల్లచీరలో, అందరి ముందు నిలబడి ఆ పని చేయడానికి అక్కకు ధైర్యం చాలలేదు. అక్కవాళ్ళమ్మను నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆవిడ కూతురికి చెప్పింది ఒకటే: కన్న ప్రతి ఆడదానికీ ఇది మామూలే, నోరుమూసుకుని ఓర్చుకోవాలి. మా అత్త మాత్రం, "మామూలే వదినా. అట్టాగే ఉండిపోవాలని ఎక్కడా లేదుగా" అందట.

ఆ వారంలోనే అక్కను నందిగామ తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించింది. మరుసటి ఆదివారం అక్కనూ నన్నూ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. దూలానికి చీరతో కట్టిన ఉయ్యాలలో పిల్లవాడు నిద్రపోతున్నాడు. అత్త ఆ చీర అడుగున అరచేయి పెట్టి చూపించింది. మన నడుము కింద కూడా ముందు ఎముక నుంచి వెనక తోకఎముక దాకా కండరాలు ఇలాగే ఉయ్యాల కట్టినట్టు ఉంటాయనీ, తొమ్మిది నెలలు బరువు మోసి, కాన్పులో సాగి, కొంత జారుతాయనీ చెప్పింది. వాటిని మూత్రం ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించి ఐదు అంకెలు పట్టి ఉంచాలి. తరువాత ఐదు అంకెలు పూర్తిగా వదలాలి. పూటకు పది, రోజుకు మూడు పూటలు.

"లెక్క నీది" అంది నాతో. "సాయంత్రం గోడ మీంచి అక్క ఎన్ని వేళ్ళు చూపిస్తే అన్ని రాసుకో. అదేంటని అడక్కు."

మర్నాడు సోమవారం. అక్క పీట వేసుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. నేను "పట్టు" అన్నాను. ఒకటి నుంచి ఐదు దాకా చదివి "వదులు" అన్నాను. మళ్ళీ ఐదు చదివాను. అక్క ఒంటి మీద వెంట్రుక కూడా కదల్లేదు. చేటలో వేళ్ళు కూడా ఆగలేదు.

"చేసావా?"

"చేసానే."

"ఏదీ, నాకేం కనపళ్ళేదు."

"కనపడేదైతే నీ ముందు కూర్చుని చేస్తానంటే ఒప్పుకునేదాన్నా" అంది అక్క, వచ్చే నవ్వును పెదవి కొరికి ఆపుకుంటూ. ఆ రోజుల్లో అక్క నవ్వును ఎందుకు ఆపుకునేదో నాకప్పటికి తెలియదు.

కంటికి కనపడనిదాన్ని లెక్క రాయడం నా జీవితంలో అదే మొదటిసారి. నాకది అబద్ధం రాసినట్టే ఉంది. అందుకని ఆ తేదీ కింద "30" అని వేసి, పక్కన "చూడలేదు" అని కూడా రాశాను. వరసగా పంతొమ్మిది రోజులు అలాగే రాశాను. వేళ్ళ గడిలో మాత్రం మొదటి సాయంత్రం ఆరు, మూడో వారానికి నాలుగు. అవి ఆ రోజు బట్ట ఎన్నిసార్లు తడిసిందో చెప్పే వేళ్ళని పెద్దయ్యాక తెలిసింది; అప్పటికి నాకు తెలిసింది అవి తగ్గాలని మాత్రమే.

సరిగ్గా అప్పుడే మా అత్తకు ఆసుపత్రిలో ఆదివారాలు డ్యూటీ పడింది. మూడు వారాలు రాలేదు. డిసెంబరు మొదటి ఆదివారానికల్లా పాట ఎవరు ఎత్తుకుంటారో తేలాలని సాధన చేయించే మాస్టారు చెప్పిపంపారు. అక్కకు తొందర పుట్టింది. నాకు అంతకన్నా ఎక్కువ తొందర పుట్టింది. కూర్చుని లెక్క వేశాను. ఐదు పట్టు, ఐదు వదులు. అంటే సగం సమయం ఖాళీగా పోతోంది. ఆ ఖాళీలో కూడా బిగిస్తే పని రెట్టింపు అవుతుంది. నేను ఈ సంగతి చెప్పగానే అక్క వెంటనే ఒప్పుకుంది. ఒప్పుకోకేం, బిగువుగా ఉన్నదే బలమని మా వీధి వీధంతా నమ్మేది. బాలింతకు నడికట్టు ఊపిరాడకుండా కడితేనే కట్టినట్టు. పెద్దమ్మ రోజూ పొద్దున్నే కూతురి నడుముకు పాత పంచె చుట్టి, మోకాలు ఆనించి మరీ లాగి ముడి వేసేది. అంత బిగింపు మధ్య పెరిగిన మాకు, వదలడం అనేది పనిలా కనిపించలేదు.

నోటుపుస్తకంలో "వదులు" గడిని స్కేలు పెట్టి కొట్టేశాను. రోజుకు ముప్పై కాస్తా అరవై అయింది. ఆపైన తొంభై. కాని వేళ్ళు నాలుగు నుంచి ఐదయ్యాయి. ఒక సాయంత్రం ఏడయ్యాయి. నడుము కిందుగా నొప్పి మొదలై అక్క పీట మీద కూర్చోలేకపోయింది. నా అంకెలు పెరుగుతున్నాయి, అక్క వేళ్ళూ పెరుగుతున్నాయి. అంతవరకూ అంకెలు నన్ను ఎన్నడూ ఇలా మోసం చేయలేదు.

అక్టోబరు చివరి ఆదివారం అత్త వచ్చింది. పుస్తకం తీసుకుని పేజీలు తిప్పి, కొట్టేసిన గడి దగ్గర వేలు పెట్టింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. అత్త తిట్టలేదు.

"కుడి చెయ్యి పిడికిలి పట్టవే. గట్టిగా. నేను చెప్పిందాకా వదలకు" అంది.

పట్టాను. అత్త కాఫీ తాగింది. మా అమ్మతో బస్సులో రద్దీ గురించి మాట్లాడింది. అక్క చేతిలోంచి పిల్లవాణ్ణి ఎత్తుకుని వాడికి పళ్ళు వస్తున్నాయేమోనని చిగుళ్ళు తడిమింది. గోడ గడియారంలో ఆరు నిమిషాలు గడిచాయి. నా వేళ్ళు తెల్లబడ్డాయి, మోచేయి దాకా వణుకు పుట్టింది.

"ఆఁ, ఇప్పుడు పదిహేడో ఎక్కం రాయి."

పదిహేడో ఎక్కం నాకు నిద్రలో లేపినా వచ్చు. కాని పెన్సిలు నిలవలేదు. పదిహేడు ఒకట్ల పదిహేడు దగ్గర గీత దాటింది. నాలుగో వరుసలో అరవై ఎనిమిది రాయబోతే ఎనిమిది రాలేదు, సున్నాలాంటిది ఏదో వచ్చింది. పెన్సిలు కింద పెట్టేశాను.

"ఎక్కం మర్చిపోయావా?"

"లేదత్తా. చెయ్యి రావట్లేదు."

"చేతికి బలం లేకా?"

నేను బిగుసుకున్న వేళ్ళను ఎడమ చేత్తో రుద్దుకున్నాను. గుమ్మం దగ్గర ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డ అక్క నా చేతి వైపు చూసింది. అత్త పెన్సిలు తీసి, నేను కొట్టేసిన గడిని పక్క పేజీలో మళ్ళీ గీసింది. బిగించింది వదిలితేనే మళ్ళీ బిగించడానికి వీలవుతుందనీ, ఎప్పుడూ బిగిసే ఉన్న కండరం అలసిపోయి నొప్పి పుడుతుందే గాని అవసరానికి అందదనీ నెమ్మదిగా చెప్పింది. ఆ వారమంతా అక్క ఒక్కసారి కూడా బిగించకూడదు. మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకుని, పొట్ట పైకి లేచేలా గాలి పీల్చి వదలాలి, అంతే. నేను ఏడు రోజులు వదులు గడి ఒక్కటే నింపాలి.

పెద్దమ్మకు ఇదేమీ నచ్చలేదు. "మా అమ్మ నాకు కట్టింది, నేను దీనికి కట్టా. పడుకుని గాలి పీలిస్తే బాగయ్యేదానికి మందులెందుకంట" అంది.

"కట్టొద్దన్లా వదినా. రెండు వేళ్ళు దూరేట్టు కట్టు" అంది అత్త. పెద్దమ్మ మర్నాడు ముడి వేసి, రెండు వేళ్ళు దూరుతున్నాయో లేదో చూడమని నన్నే పిలిచింది. దూరాయి. రాసుకున్నాను.

వారం తిరిగేసరికి నొప్పి తగ్గింది. మళ్ళీ ఐదు పట్టు, ఐదు వదులు మొదలుపెట్టాము. దగ్గు వచ్చే ముందు, బిందె ఎత్తే ముందు ఒకసారి బిగించడం కూడా అత్త నేర్పింది. నవంబరు నడిమికి వేళ్ళు మూడు, నెలాఖరుకు ఒకటి. డిసెంబరు మొదటి ఆదివారం అక్క సాధనకు వెళ్ళి ముందు వరసలో నిలబడింది. చెప్పుల దగ్గర మాటలన్న ఆడవాళ్ళకు, "ముక్త్యాల కోడలు వచ్చింది, జరగండి" అని బదులు కూడా చెప్పింది.

క్రిస్మస్ పొద్దున అక్క తెల్లచీర కట్టుకుని పాట ఎత్తుకుంది. మా అత్తా నేనూ మూడో బెంచీలో కూర్చున్నాము. చివరి పైస్వరం వచ్చింది. వేళ్ళు ముడిచాను. ఎనిమిది. కిందటి ఏటికన్నా ఒకటి తక్కువ. కాని ఆ రోజు నాకు కావలసిన అంకె అది కాదు. అందరూ కూర్చుంటుంటే అక్క మా వైపు తిరిగి పిడికిలి చూపించింది. పిడికిలి అంటే సున్నా. మరుక్షణం ఐదు వేళ్ళూ నెమ్మదిగా విప్పింది. సున్నానా, ఐదా నాకు తేలలేదు. బయటికి రాగానే వెళ్ళి అడిగాను.

"సున్నానే పిచ్చిదానా. వదలడం కూడా చూపించొద్దా మీ అత్తకి?" అని అక్క పెద్దగా, నడుము పట్టుకుని నవ్వింది. ఆరు నెలల్లో అక్క అలా నవ్వడం అదే మొదలు. ఆ తేదీ కింద సున్నా వేసి, పక్కన "చూశాను" అని రాశాను.

ఈ ఏడు మా కోడలికి ఏడో నెలలో తుంటి దగ్గర నొప్పి వచ్చి మెట్లెక్కడం కష్టమైంది. డాక్టరు విజయవాడలో ఫిజియోథెరపీకి పంపారు. పెల్విక్ ఫ్లోర్‌కు, అంటే అత్త చెప్పిన ఆ ఉయ్యాల కండరాలకు, ప్రత్యేకంగా చికిత్స చేసే అమ్మాయి, చిన్న వయసే. నేను తోడు వెళ్ళి, ఎన్ని బిగింపులు చేయించాలని అడిగాను. "అందరికీ ఒకే లెక్క కాదండి. కొందరికి వదులుగా ఉంటాయి, కొందరికి బిగుసుకుపోయి ఉంటాయి. ముందు చూడాలి" అంది. చూసి, కోడలికి మొదట నేర్పింది వదలడమే. కాన్పు వేళకు కూడా అదే అక్కరకొస్తుందని చెప్పింది. పదికి ఏడని చెప్పే నొప్పి నాలుగు వారాలకు మూడయింది. ఇది కోడలు చెప్పగా నేను రాసుకున్న అంకె.

కాన్పయిన ఏడో వారం మళ్ళీ వెళ్ళాము. ఆ అమ్మాయి కోడలి పొట్ట మీద స్కానింగ్ పరికరం ఆనించి, తెర నా వైపు తిప్పింది. "బిగించండి" అనగానే తెర మీద బూడిదరంగు గీత ఒకటి మెల్లగా పైకి లేచింది. పంతొమ్మిది రోజులు నేను చూడలేదని రాసింది దాన్నే. ఐదు దాకా లెక్కపెట్టాను. "సరిపోయిందండీ, బాగా చేశారు" అని ఆ అమ్మాయి పరికరం తీయబోయింది.

"ఒక్క నిమిషం ఉండమ్మా" అన్నాను.

గీత కిందికి దిగుతోంది. అది పూర్తిగా దిగి నిలిచేదాకా మళ్ళీ ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టాను.