లావైన అత్తరు దూది

పండగ ముందు బెల్లం మార్కెట్లో అత్తరు దూదులు ఊరికే పంచడం మా అత్తరు కొట్టుకు ఏటా అలవాటు. చిటికెడు దూదిని సన్నగా చుట్టి, అత్తరులో ముంచి, చెవి మడతలో పెట్టుకోమని ఇస్తాం. సాయంత్రానికి వాసన పోతుంది. నచ్చినవాళ్ళు సీసా కోసం వస్తారు. చుట్టే పని ఎప్పుడూ మా ఆవిడ అమీనాదే. ఈసారి నేనే చుట్టాను.

ఇవాళ కశింకోట రైతు అప్పలనాయుడు బెల్లం బండి దిగి, నా దగ్గర దూది తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి చూసి నవ్వాడు.

"ఏటి బావా, ఈ ఏడు ఇంత లావుగా ఉన్నాది? మా సెల్లి సుట్టలేదేటి?"

"నీ సెల్లి లేదు బావా. వానల్లో జొరమొచ్చి పోయింది."

అతని నవ్వు ఆగిపోయింది. చేతిలో దూదినే చూస్తూ, "ఆ సేత్తో సుట్టింది ఒక్కటైనా మిగల్లేదేటి?" అని అడిగాడు.

లేదన్నాను.

అది అబద్ధం. నిన్న డబ్బా అడుగున నిరుటిది ఒకటి దొరికింది. ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంది. దాని వాసన ఎప్పుడో పోయింది. ఊరందరికీ ఊరికే పంచేవాణ్ణి, ఈ ఒక్కటి దాచుకుంటే నన్ను పిసినారి అంటారా? మీరే చెప్పండి.